బూజు ఎంజైములు శ్వాసనాళపు కణాలను ఏం చేస్తాయి, దాన్ని ఎలా కొలవాలి

"ఆల్టర్నేరియా ఎక్స్‌ట్రాక్ట్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు వేశాం, కణాలు ఐఎల్-8 విడుదల చేశాయి" (ఆల్టర్నేరియా ఒక బూజు, ఎక్స్‌ట్రాక్ట్ దాని సారం, ఐఎల్-8 వాపును రప్పించే సంకేత ప్రొటీన్) అన్న తరహా వాక్యం ఎక్కడ కనిపించినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఆ 100 మైక్రోగ్రాముల్లో పనిచేస్తున్న ఎంజైము ఎంత? చక్కెర, అమ్మోనియా దండిగా ఉన్న ద్రవంలో పెంచిన బూజు ప్రొటియేజ్‌ను (ప్రొటీన్లను కోసే ఎంజైమును) పెద్దగా వదలదు. అదే బూజుకు తిండిగా కేసీన్, కొల్లాజెన్, ఎలాస్టిన్ లాంటి ప్రొటీన్లు మాత్రమే ఇస్తే వాటిని అరిగించుకోవడానికి ప్రొటియేజ్‌ను ధారాళంగా స్రవిస్తుంది. బ్రాడ్‌ఫోర్డ్ పరీక్షలో రెండింటి ప్రొటీన్ బరువూ ఒకేలా రావచ్చు. కణానికి ఆ బరువుతో పని లేదు. తన మీద ఎన్ని బంధాలు తెగుతున్నాయన్నదే దానికి తెలుస్తుంది. ఈ రంగంలో పొంతన లేని ఫలితాలకు ప్రధాన కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. అందుకే ఈ పోస్టులో సగానికి పైగా కొలతల గురించే ఉంటుంది.

ముందు గోడ సంగతి, అంటే శ్వాసనాళాన్ని లోపలినుంచి కప్పే కణాల పొర. పెద్ద శ్వాసనాళాల లోపొరలో నాలుగు రకాల కణాలు ముఖ్యం. సీలియా (కదిలే సన్నటి వెంట్రుకల్లాంటివి) ఉన్న కణాలు, శ్లేష్మం చేసే గాబ్లెట్ కణాలు, రక్షక ప్రొటీన్లు స్రవించే క్లబ్ కణాలు, అడుగున ఉండి మిగతావాటిని పుట్టించే బేసల్ కణాలు. సీలియా సెకనుకు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటాయి. అవి కదలాడే పలచటి ద్రవపు పొర లోతు సుమారు 7 మైక్రాన్లు, దాని మీద శ్లేష్మం తేలుతుంది. పక్కపక్క కణాలను పైభాగంలో టైట్ జంక్షన్లు (బిగువైన అతుకులు; వాటి ప్రొటీన్లు ఆక్లూడిన్, క్లాడిన్లు, జెడ్‌ఓ-1), వాటి కింద ఈ-కాడ్‌హెరిన్ కలిపి ఉంచుతాయి. ఈ గోడ ఊరికే కూర్చోదు. ఎస్‌ఎల్‌పీఐ, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లాంటి ప్రొటియేజ్ నిరోధకాలు ఆ ద్రవంలో ఎప్పుడూ ఉంటాయి. వచ్చిన ఎంజైము కొద్దిపాటిదైతే వాటితోనే సరిపోతుంది. నిరోధకం ఖర్చయిపోయిన తర్వాత మిగిలినదే కణాన్ని తాకుతుంది. కాబట్టి డోసుకు తగ్గట్టు ప్రభావం నిదానంగా పెరుగుతుందని అనుకోకూడదు. ఒక హద్దు దాటేవరకు ఏమీ కనబడక, ఆ తర్వాత ఒక్కసారిగా లేవడం మామూలే.

లోపలికి వచ్చేది ఏమిటన్నదీ అంతే ముఖ్యం. ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ బీజం 2 నుంచి 3 మైక్రాన్లు. అంటే ఊపిరితిత్తుల లోతుల దాకా దిగగలదు. ఆల్టర్నేరియా బీజం 20 మైక్రాన్లకు పైనే ఉంటుంది కాబట్టి ముక్కులోనూ పై నాళాల్లోనూ ఆగుతుంది. దాని తునకలు మాత్రం కిందికి వెళ్తాయి. నిద్రాణంగా ఉన్న బీజం స్రవించే ప్రొటియేజ్ స్వల్పం. ఫ్యుమిగేటస్ బీజం 37 డిగ్రీల వద్ద ఉబ్బడానికి నాలుగు గంటలు, మొలక గొట్టం తీయడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళంలో ఆ లోపే శ్లేష్మం దాన్ని గొంతు వైపు ఊడ్చేస్తుంది. శ్లేష్మం గడ్డకట్టి కదలని చోట (ఏబీపీఏ అనే ఆస్పర్జిల్లస్ అలర్జీ జబ్బు, సిస్టిక్ ఫైబ్రోసిస్, నాళాలు వెడల్పై పాడయ్యే బ్రాంకియెక్టాసిస్) ఆ గడువు బూజుకు దొరుకుతుంది. అక్కడ ఎంజైము గోడకు ఆనుకునే తయారవుతుంది.

ఫ్యుమిగేటస్ స్రవించేవాటిలో ఎక్కువగా పరిశీలించినవి రెండు. ఏఎల్‌పీ1 అనే సెరీన్ ప్రొటియేజ్, సుమారు 33 కిలోడాల్టన్లు (అణువు బరువుకు కొలమానం). అలర్జీ జాబితాలో దాని పేరు ఆస్ప్ ఎఫ్ 13. మెప్ అనే జింక్ మెటలోప్రొటియేజ్, సుమారు 42 కిలోడాల్టన్లు. అది ఆస్ప్ ఎఫ్ 5. స్రవించే ప్రొటియేజ్‌లలో చాలావాటిని కలిపి నడిపించేది పీఆర్‌టీటీ అనే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ (జన్యువులను పనిచేయించే ప్రొటీన్). ఆ జన్యువును తీసేస్తే ద్రవంలో ప్రొటియేజ్ చాలావరకు పోతుంది. అయినా రోగనిరోధక శక్తి అణచిన ఎలుకల్లో ఆ బూజు ప్రాణాంతకంగానే ఉంటుంది. దీన్ని పట్టుకుని "ప్రొటియేజ్‌లకు రోగంలో పాత్ర లేదు" అనేయడం పొరపాటు. ఊపిరితిత్తుల్లోకి చొచ్చుకుపోయే ఇన్ఫెక్షన్ ఒకటి, ఉబ్బసంలో గోడ స్పందన మరొకటి. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అంటగట్టకూడదు.

ఇక కణం దగ్గర జరిగేది, కాలక్రమంలో.

మొదటి సెకన్లలో కణం లోపల కాల్షియం లేస్తుంది. దీనికి బాగా తెలిసిన దారి పార్-2 అనే రిసెప్టార్ (కణం పైపొరలో సంకేతాలు అందుకునే ప్రొటీన్). ఈ రిసెప్టార్‌కు తాళంచెవి దాని సొంత తోకలోనే దాగి ఉంటుంది. ట్రిప్సిన్ లాంటి ప్రొటియేజ్ 36వ ఆర్జినిన్ తర్వాత కోస్తే, కొత్తగా బయటపడిన ఎస్‌ఎల్‌ఐజీకేవీ అనే కొస లోపలికి మడతపడి రిసెప్టార్‌ను తెరుస్తుంది. జీక్యూ ప్రొటీన్, ఫాస్ఫోలైపేజ్ సి, ఐపీ3 అనే సంకేత అణువులు వరుసగా పనిచేసి కణంలో దాచిన కాల్షియం బయటికొస్తుంది. అయితే ప్రొటియేజ్ కనబడగానే పార్-2 అని రాసేయడం తొందరపాటు. అన్ని ప్రొటియేజ్‌లూ ఆ చోటే కోయవు. న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ ఇంకా కిందిచోట కోసి ఆ తోకనే ఊడగొడుతుంది, దాంతో రిసెప్టార్ ట్రిప్సిన్‌కు స్పందించడం మానేస్తుంది. మీ బూజు ఎంజైము తెరుస్తోందా, ఊడగొడుతోందా అన్నది పరీక్షించి తేల్చుకోవాలి. ఎస్‌ఎల్‌ఐజీకేవీ పెప్టైడ్‌తో ముందుగా రిసెప్టార్‌ను అలసిపోయేలా చేసి, తర్వాత ఎంజైము వేస్తే కాల్షియం లేవకపోతే దారి పార్-2 అనుకోవచ్చు. ఎంజైము వేశాక ఆ పెప్టైడ్‌కు స్పందన ఉండి, ట్రిప్సిన్‌కు లేకపోతే తోక ఊడిందని అర్థం.

తర్వాతి నిమిషాల్లో ఏటీపీ (కణపు శక్తి అణువు), ఐఎల్-33 (అలర్జీని మేల్కొలిపే అలారం ప్రొటీన్). ఆల్టర్నేరియా ఎక్స్‌ట్రాక్ట్ తగిలిన బ్రాంకియల్ కణాలు ఏటీపీని బయటికి వదులుతాయి. అది ఏటీపీని గుర్తించే పీ2 రిసెప్టార్లకు తగిలి కాల్షియంను మళ్లీ లేపుతుంది. కేంద్రకంలో దాచి ఉంచిన ఐఎల్-33 దాంతోనే బయటపడుతుంది. అసలు విశేషం ఇక్కడే. పూర్తి నిడివి ఐఎల్-33లో 270 అమైనో ఆమ్లాలు. బయటి ప్రొటియేజ్‌లు దాన్ని మధ్యభాగంలో కోస్తే మిగిలే చిన్న ముక్క అసలుదానికన్నా ఎన్నో రెట్లు చురుకైనది. అంటే ఒకే ఎంజైము అలారాన్ని బయటికి తెప్పిస్తుంది, దాని గొంతూ పెంచుతుంది. ఈ అలారం ఎంతోసేపు ఉండదు కూడా. బయటి వాతావరణంలో ఐఎల్-33లోని సిస్టీన్లు ఆక్సీకరణ చెంది, డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడి, గంటల్లోనే అది పనికిరాకుండా పోతుంది. 24 గంటలకు నమూనా తీసి "ఐఎల్-33 లేదు" అని రాసినవాటిని నేను లెక్కలోకి తీసుకోను. 15 నిమిషాలు, 30, 60, 120: ఈ నాలుగు చోట్లా తీయాలి.

గంటల్లో జంక్షన్లు సడలుతాయి. 2020లో వచ్చిన పనిలో ఎలుకల క్లబ్ కణాలు ఏఎల్‌పీ1ను ఎలా పసిగడతాయో తేలింది. జంక్షన్ దెబ్బతినడాన్ని టీఆర్‌పీవీ4 అనే కాల్షియం చానెల్ గుర్తిస్తుంది, అక్కణ్నుంచి కాల్సిన్యూరిన్ అనే ఎంజైము ద్వారా అలర్జీ మొదలవుతుంది. నాకు ఇది చాలా విలువైన ఫలితంగా అనిపిస్తుంది. కణం ఎంజైమును దాని ఆకారంతో గాక, అది చేసిన నష్టంతో గుర్తుపడుతోంది. గోడ సడలితే రక్తంలోని ప్లాస్మా కాస్త పైకి ఊరుతుంది. అందులోని ఫైబ్రినోజెన్‌ను (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్‌ను) ప్రొటియేజ్ కోస్తే వచ్చే ముక్కలు టీఎల్‌ఆర్4 అనే రోగనిరోధక రిసెప్టార్‌ను మేల్కొలుపుతాయని 2013లో చూపించారు. ప్లేటులో పెంచిన కణాలకు ప్లాస్మా ఉండదు కాబట్టి, మీరుగా ఫైబ్రినోజెన్ కలిపితే తప్ప ఈ దారి మీ ప్రయోగంలో లేనట్టే.

ఐఎల్-6, ఐఎల్-8, టీఎస్‌ఎల్‌పీ అనే సైటోకైన్లు (కణాలు వదిలే సంకేత ప్రొటీన్లు) ఆ తర్వాత వస్తాయి, 6 నుంచి 24 గంటల మధ్య. టీఎస్‌ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్ అనే మందుకు 2021 డిసెంబరులో అమెరికాలో తీవ్రమైన ఉబ్బసానికి అనుమతి వచ్చింది. గోడ కణాల నుంచి వచ్చే సంకేతం రోగంలో ఎంత బరువైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎంజైము అంటే ప్రొటియేజ్ ఒక్కటే కాదు. ఆస్ప్ ఎఫ్ 1 అనేది సుమారు 18 కిలోడాల్టన్ల రైబోన్యూక్లియేజ్ (ఆర్ఎన్ఏను కోసే ఎంజైము). కణంలోకి చేరితే రైబోజోములోని 28ఎస్ ఆర్ఎన్ఏలో సార్సిన్-రిసిన్ లూప్ దగ్గర ఒకే ఒక్క బంధాన్ని తెంచుతుంది. అంతటితో ఆ రైబోజోము ప్రొటీన్ చేయడం ఆగిపోతుంది. ముడి ఎక్స్‌ట్రాక్ట్‌తో పనిచేసేటప్పుడు దీన్ని మరవొద్దు. తొలి గంటల్లో పడిపోయిన గోడకు ప్రొటియేజ్ కారణం కావచ్చు. మర్నాటికి నెమ్మదిగా పడిపోయిన గోడకు ప్రొటీన్ తయారీ ఆగిపోవడం కారణం కావచ్చు. ఇక గ్లియోటాక్సిన్, కాండిడాలైసిన్ లాంటి శిలీంధ్ర విషాలు ఎంజైములే కావు. వాటిని ఈ లెక్కలో కలపకూడదు.

ఇప్పుడు ప్రయోగశాల పని.

ఏ కణాలు వాడాలి? గోడ బలం కొలవాలంటే ఏ549 అనే ప్రయోగశాల కణజాతి వద్దు. టైట్ జంక్షన్లు సరిగా కట్టుకోని కణాల్లో జంక్షన్ తెగిందని ఎలా చూపిస్తాం? బీస్-2బీ కణజాతి సంగతీ అంతే. కాల్షియం సంకేతాలకు, సైటోకైన్లకు అవి సరిపోవచ్చు. గోడకు మాత్రం కాలు-3 (Calu-3), 16హెచ్‌బీఈ, అన్నింటికన్నా మేలుగా మనిషి నాళం నుంచి తీసిన ప్రైమరీ కణాలు. వీటిని 0.4 మైక్రాన్ల రంధ్రాలున్న ట్రాన్స్‌వెల్ (ప్లేటులో వేలాడే చిన్న గిన్నె, దీన్నే ఇన్సర్ట్ అంటారు) మీద, కొల్లాజెన్ పూత పూసి, చదరపు సెంటీమీటరుకు లక్ష నుంచి రెండు లక్షల వరకు వేయాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో పొర నిండాక పైద్రవం తీసేసి, కిందినుంచే తిండి అందిస్తూ, గాలికి వదలాలి. కింది మీడియం వారానికి మూడుసార్లు మార్చాలి. రెండు మూడు వారాలకు సీలియా కొట్టుకోవడం మైక్రోస్కోపులో కనబడుతుంది. నాలుగో వారానికి ప్రయోగానికి సిద్ధం. వారానికోసారి వెచ్చటి పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో శ్లేష్మం కడగాలి. ప్రయోగానికి ముందు కడిగారా లేదా అన్నది రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ శ్లేష్మంతోపాటే నిరోధకాలూ పోతాయి. కడిగిన గోడ, కడగని గోడ ఒకే డోసుకు ఒకేలా స్పందించవు.

డోసు పరిమాణం దగ్గర ఒక చిన్న లెక్క చూడండి. 12 మిల్లీమీటర్ల ఇన్సర్ట్ వైశాల్యం 1.12 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 7 మైక్రాన్ల ద్రవమంటే మొత్తం 0.8 మైక్రోలీటరు కూడా ఉండదు. మనం 100 మైక్రోలీటర్ల ఎక్స్‌ట్రాక్ట్ పోస్తే అసలు ద్రవానికి వంద రెట్లకు పైగా నీరు చేర్చినట్టు. నిరోధకాలు పలచబడతాయి, గాలి అంచు పోతుంది. పైగా ద్రవం పోసిన తాకిడికే కణాలు ఏటీపీ వదులుతాయి. కాబట్టి ఎంజైము లేని బఫర్‌ను అదే పరిమాణంలో, అదే వేగంతో పోసిన కంట్రోల్ తప్పనిసరి. పిపెట్ కొస గోడకు ఆనించి మెల్లగా వదలాలి. ఏటీపీ ఫలితం నిజమని చెప్పాలంటే అపైరేజ్ (ఏటీపీని విరిచే ఎంజైము) కలిపిన ఇన్సర్ట్ కూడా పక్కన పెట్టాలి. ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఏటీపీ ఉందేమో ముందే చూసుకోవాలి.

చర్య కొలవడానికి అజోకేసీన్ (రంగు అతికించిన కేసీన్) చవకైన, నమ్మదగిన పరీక్ష. 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.5లో ఒక శాతం అజోకేసీన్ తీసుకుని, ఎక్స్‌ట్రాక్ట్ కలిపి 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాలి. తుది సాంద్రత ఐదు శాతం అయ్యేలా టీసీఏ (ప్రొటీన్‌ను గడ్డకట్టించే ఆమ్లం) వేసి, ఐసులో 15 నిమిషాలు ఉంచి, 10,000 జీ వద్ద పది నిమిషాలు తిప్పాలి. తెగని కేసీన్ అడుక్కి చేరుతుంది, తెగిన ముక్కలు పైద్రవంలో ఉంటాయి. ఆ పైద్రవానికి సమానంగా 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి 440 నానోమీటర్ల దగ్గర చదవాలి. బ్లాంకులో (ఎంజైము చర్య లేని పోలిక నమూనాలో) టీసీఏను ఎంజైముకు ముందే వేయాలి. ఆల్టర్నేరియా ఎక్స్‌ట్రాక్ట్ గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి రంగుకు విడిగా ఒక బ్లాంకు పెట్టకపోతే చర్య ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. పక్కనే తెలిసిన ట్రిప్సిన్ మెట్లు పెట్టి, డోసును "ఇన్ని నానోగ్రాముల ట్రిప్సిన్‌కు సమానం" అని రాస్తే మరొకరు పోల్చుకోగలరు. ఎక్స్‌ట్రాక్ట్ తనను తానే అరిగించుకుంటుంది. చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో పెట్టాలి, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, వాడే రోజున చర్య మళ్లీ కొలవాలి.

నిరోధకాల దగ్గరే ఎక్కువ ప్రయోగాలు దారి తప్పుతాయి. మెటలోప్రొటియేజ్‌ను ఆపడానికి ఈడీటీఏ వేసి కణాల మీద పోశారనుకోండి, అది కాల్షియంను పట్టేసుకుని ఈ-కాడ్‌హెరిన్‌ను తానే విప్పేస్తుంది. గోడ పడిపోయింది, నింద ఎంజైము మీద. పీఎంఎస్‌ఎఫ్ అనే సెరీన్ ప్రొటియేజ్ నిరోధకం నీటిలో నిలవదు, పీహెచ్ 7.5 వద్ద గంటలోపే సగం పోతుంది. సెరీన్ ప్రొటియేజ్‌కు 1 మిల్లీమోలార్ ఏఈబీఎస్‌ఎఫ్ మేలు, కానీ అదీ కణాల మీద ఎక్కువసేపు ఉండకూడదు. సరైన పద్ధతి ఏమిటంటే, ఎక్స్‌ట్రాక్ట్‌కే నిరోధకం కలిపి అరగంట ఉంచి, డీసాల్టింగ్ కాలమ్‌లో మిగులు నిరోధకాన్ని తీసేసి, చర్య పోయిందని అజోకేసీన్‌తో నిర్ధారించుకుని, అప్పుడు కణాల మీద వేయాలి. ఏఈబీఎస్‌ఎఫ్ ఎంజైముకు శాశ్వతంగా అతుక్కుంటుంది కాబట్టి ఇది కుదురుతుంది. జింక్‌ను పట్టేసే ఫెనాంత్రోలిన్‌తో కుదరదు. అది కాలమ్‌లో పోయాక మీడియంలోని జింక్ తగిలి మెటలోప్రొటియేజ్ మళ్లీ లేవవచ్చు. నిరోధకం మాత్రమే ఉన్న బఫర్‌నూ అదే కాలమ్ గుండా పంపి కంట్రోల్‌గా వాడండి.

95 డిగ్రీల్లో పది నిమిషాలు మరగబెట్టి "ఎంజైము చచ్చింది, ప్రభావం పోయింది, కాబట్టి ప్రొటియేజే" అనే వాదన నాకు చాలదు. ఆ వేడికి మిగతా ప్రొటీన్లు కూడా చాలావరకు చెడతాయి. బూజు కణపు గోడలోని బీటా-గ్లూకాన్, కైటిన్ మాత్రం మిగులుతాయి. ఉత్తమ కంట్రోల్ జన్యుపరమైనది: ఆ ప్రొటియేజ్ తీసేసిన బూజు, లేదా చర్యా స్థానంలోని సెరీన్‌ను అలనీన్‌గా మార్చి తయారుచేసిన ప్రొటీన్. మీడియంలో సీరం ఉంటే దానిలోని ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ ఎంజైమును మింగేస్తుంది కనుక ఈ ప్రయోగాలన్నీ సీరం లేకుండానే. బాక్టీరియా ఎండోటాక్సిన్ ఉందేమో చూసేటప్పుడూ జాగ్రత్త కావాలి. మామూలు ఎల్‌ఏఎల్ పరీక్షలో (హార్స్‌షూ పీత రక్తపు సారంతో చేసేది) ఫ్యాక్టర్ జి అనే ప్రొటీన్ బీటా-గ్లూకాన్‌కు కూడా స్పందిస్తుంది, బూజు ఎక్స్‌ట్రాక్ట్ ఏదైనా ఎండోటాక్సిన్ ఉన్నట్టే చూపిస్తుంది. ఫ్యాక్టర్ జి లేని రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి పరీక్ష వాడాలి.

గోడ నిరోధం, అంటే టీర్, కొలిచేముందు ప్లేటును ఇంక్యుబేటర్ నుంచి తీసి 15 నుంచి 20 నిమిషాలు గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. చల్లబడేకొద్దీ అంకె పెరుగుతుంది, ప్లేటులోని మొదటి గుంటకీ చివరి గుంటకీ తేడా అక్కడే వస్తుంది. చదివిన అంకె 700 ఓములు, కణాలు లేని ఇన్సర్ట్ 120 అయితే, మిగిలిన 580ని వైశాల్యం 1.12తో గుణించాలి: 650 ఓమ్-చదరపు సెంటీమీటర్లు. భాగించడం తరచూ జరిగే తప్పు. టీర్ పడిపోతే జంక్షన్ సడలిందా, కణాలే ఊడాయా అన్నది దానితో తెలియదు. 4 కిలోడాల్టన్ల ఎఫ్‌ఐటీసీ-డెక్స్‌ట్రాన్ (మెరిసే రంగు అంటించిన చక్కెర గొలుసు) పైన వేసి గంట తర్వాత కింద కొలవండి, ఎల్‌డీహెచ్ (దెబ్బతిన్న కణాల నుంచి కారే ఎంజైము) చూడండి, జెడ్‌ఓ-1 రంగువేసి ఫొటో తీయండి. ఎంజైమును కడిగేశాక ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ టీర్ చదవడం కూడా మంచిది. తిరిగి లేస్తే కణాలు బతికే ఉన్నాయి.

ఎలైజాలో (యాంటీబాడీతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్షలో) ఒక ఉచ్చు ఉంది. ప్రొటియేజ్ సైటోకైన్లను కూడా కోస్తుంది. డోసు పెంచేకొద్దీ ఐఎల్-6, ఐఎల్-8 పెరిగి, ఆపై అకస్మాత్తుగా పడిపోతే, కణాలు స్పందన ఆపాయని కాదు. బయటికొచ్చిన సైటోకైన్ ముక్కలై యాంటీబాడీకి అందకుండా పోయి ఉండొచ్చు. తేల్చుకోవడం తేలిక. కణాలు లేని మీడియంలో తెలిసిన మోతాదు, అంటే మిల్లీలీటరుకు 500 పికోగ్రాముల ఐఎల్-8, మీ ఎక్స్‌ట్రాక్ట్‌తో కలిపి ప్రయోగం ఎంతసేపైతే అంతసేపు 37 డిగ్రీల్లో ఉంచి కొలవండి. 500కు 150 వస్తే మీ ఎలైజా అంకెలకు అర్థం లేదు. అప్పుడు కణాల నుంచి ఆర్ఎన్ఏ తీసి, ఆ సైటోకైన్ జన్యువు ఎంత పనిచేస్తోందో క్యూపీసీఆర్‌తో చూడాలి. నమూనా తీసిన వెంటనే ఏఈబీఎస్‌ఎఫ్ కలిపితే ఆ తర్వాతి నష్టం ఆగుతుంది గాని, అప్పటికే తెగినది తిరిగి రాదు.

చివరగా, పొడి ఎంజైముతో పనిచేసేవారి ఊపిరితిత్తులూ ఈ కణాలతోనే ఉన్నాయి. ఆస్పర్జిల్లస్ ఒరైజే నుంచి తీసిన ఆల్ఫా-అమైలేజ్ పిండిలో కలపడం వల్ల బేకరీ పనివారికి ఉబ్బసం రావడం ఎప్పటినుంచో తెలిసిందే. డిటర్జెంట్లలోని సబ్‌టిలిసిన్ బూజుది కాదు, బాసిల్లస్ బాక్టీరియాది. అయినా 1960ల చివర్లో ఆ ఫ్యాక్టరీ కార్మికులకు వచ్చిన ఉబ్బసమే ఎంజైము ధూళి విషయంలో అందరి కళ్లూ తెరిపించింది. సబ్‌టిలిసిన్‌కు అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి ఘనపు మీటరు గాలికి 60 నానోగ్రాములు. కంటికి కనబడే ధూళి దీనికి ఎన్నో వేల రెట్లు. కాబట్టి ఒరైజే ప్రొటియేజ్ పొడిని బయట బల్ల మీద తూచకండి. వీలైతే తూచడమే మానేసి, సీసాలోకే బఫర్ పోసి కరిగించి, చర్య కొలిచి డోసు లెక్కకట్టండి. తూచక తప్పకపోతే ఫ్యూమ్ హుడ్‌లో, ఎన్95 పెట్టుకుని, గాలి విసురు తగలని విధంగా తూచండి. ఒలికితే తడిగుడ్డతో తుడవాలి, పొడిగా ఊడవకూడదు. ఒకసారి శరీరం ఆ ఎంజైముకు ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) తయారుచేయడం మొదలుపెట్టాక తర్వాత అతి కొద్ది ధూళికే ఆయాసం రావచ్చు. హుడ్ దగ్గర పనిచేసినప్పుడల్లా తుమ్ములు, దగ్గు వస్తూ సెలవు రోజుల్లో తగ్గుతున్నవారు పని మార్చుకోవడానికి ఆలస్యం చేయకుండా ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకుని, తాము వాడే ఎంజైము పేరు రాసి ఇవ్వాలి.